రొయ్యల చెరువులో దిగిన విమానం

మా బాబాయిగారి విమానం రొయ్యల చెరువులో పడింది నా కళ్ళ వల్లేనని మా అత్తవారి వైపు సగంమంది ఇప్పటికీ నమ్ముతారు. మిగతా సగం నమ్మం అంటారు గాని, కొత్త చీర కట్టుకున్న రోజున నాకెదురు పడకుండా పెరటి దారిన వెళ్తారు. అందుకని ఆ రోజు సంగతి మొదట్నుంచి నేనే చెప్పుకోవాలి. ముందే ఒక మాట. నాకు కుళ్ళు లేదని నేను అనను. ఉంది. ఆ రోజు మా తోడికోడల్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళు మండితే విమానాలు పడిపోతాయా అన్నది వేరే సంగతి.

బాబాయిగారంటే మా అత్తగారి తమ్ముడు, మా వారికి మేనమామ; మా తోడికోడలి వరసన నేనూ బాబాయిగారనే అంటాను. చల్లపల్లి దాటి కరకట్ట వైపు వెళ్తే ఆయన ఊరు. తొంభైల మొదట్లో ఆ వైపు వరిపొలాలు తవ్వి రొయ్యల చెరువులు చేయడం మొదలైంది. అందరికంటే ముందు తవ్వించింది ఆయన, అందరికంటే ముందు పైకొచ్చిందీ ఆయనే. ముందు కారు కొన్నారు, తర్వాత ఇంకో కారు, తర్వాత ఇల్లంతా పాలరాయి పరిపించారు. ఇక కొనడానికేమీ తోచక చిన్న విమానం కొన్నారు. నలుగురు పట్టే విమానం, ముక్కుకు పంకా, తెల్లటి ఒంటికి నీలం గీత. గన్నవరంలో దిగి కారులో రావడం నామోషీ అనుకున్నారో ఏమో, చెరువుల పక్కన పొడుగ్గా సిమెంటు బాట కూడా వేయించారు. "మన ఊళ్ళోనే దిగుద్దక్కా, బస్టాండు కంటే దగ్గర" అని మా అత్తగారితో అంటూండేవారు. ఆ బాటకు ఒక పక్క వరి పొలం, ఒక పక్క చెరువులు, చివర అడ్డంగా ఇంకో చెరువు.

మేము ఉయ్యూరులో ఉమ్మడిగా ఉండేవాళ్ళం. మా వారు చెరుకు సాగు చూసుకునేవారు. మా మరిది బెంజ్ సర్కిల్ దగ్గర మోటారు సామాన్ల కొట్టు పెట్టి రోజూ బస్సులో బెజవాడ వెళ్ళొచ్చేవాడు. నేను పెద్ద కోడల్ని. మా తోడికోడలు బెజవాడలో పుట్టి పెరిగిన పిల్ల. సన్నగా ఉంటుంది, నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. పైగా బాబాయిగారి భార్య, అంటే పిన్నిగారు, తనకి సొంత పిన్ని. అందువల్ల ఆ ఇంట్లో నేను చుట్టాన్ని, తను పిల్ల. నేను వెళ్తే హాల్లో కుర్చీ వేసేవారు. తను వెళ్తే వంటింట్లోకి లాక్కుపోయేవారు. కుర్చీ వేయడం మర్యాదే, కాదనను. కాని ఆ కుర్చీలో కూర్చుని లోపల్నుంచి వచ్చే నవ్వులు వింటుంటే నాకు కాఫీ గొంతు దిగేది కాదు.

విమానం మొదటిసారి వచ్చిన రోజే సరిగ్గా దిగలేదు. ఊరు ఊరంతా గట్ల మీద నిలబడి చూస్తోంది. వచ్చింది, నేలకి ఆనింది, ఎగిరింది, మళ్ళీ ఆనింది, పక్కకు తిరిగి వరి మోళ్ళలోకి పోయి, గట్టుకు ముక్కు తగిలించి ఆగింది. పంకా రెక్క ఒకటి వంకరపోయింది. బాబాయిగారికి ఏమీ కాలేదు. మెట్టు మీద నిలబడి, ఎలక్షన్లో గెలిచినాయనలాగా అందరికీ దణ్ణం పెట్టారు. ఊళ్ళో వాళ్ళు మోకులు కట్టి, "ఐలెస్సా" అని కేకలేసుకుంటూ, ట్రాక్టరుతో దాన్ని మళ్ళీ సిమెంటు మీదికి లాగారు.

నడిపినాయన హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి, మితభాషి. ఆయన చెమట తుడుచుకుంటూ, "బాట పొట్టిగా ఉందండీ. ఆ చివరి చెరువు పూడ్చి పొడిగించుకోవాలి" అన్నాడు.

"అందులో పంట ఉందండీ బాబూ. రొయ్యల పట్టుబడి కానివ్వండి, చూద్దాం" అన్నారు బాబాయిగారు.

పిన్నిగారి లెక్కలో బాట పొట్టితనం అసలు కారణమే కాదు. దిష్టి తగిలింది. ఊరి కళ్ళన్నీ ఒకేసారి పడితే మరి ఏమవుతుంది అన్నారు. ఆ సాయంత్రమే ఎర్రనీళ్ళు తీసి పారబోశారు. అప్పట్నుంచి విమానం కదిలినప్పుడల్లా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించేవారు. లోపల అద్దం దగ్గర పచ్చిమిరపకాయలు, నిమ్మకాయ గుచ్చిన దండ వేలాడేది. నడిపే ఆయన ఆ దండను చేత్తో పక్కకు జరిపి ముందుకు చూసుకునేవాడని చెప్పుకునేవారు.

పంకా బాగై వచ్చాక ఇక చుట్టాలందరికీ విమానం పిచ్చి పట్టింది. ఎవరెవరు ఎక్కారో కబుర్లు ఉయ్యూరు దాకా వచ్చేవి. బాబాయిగారు మా ఇంటికొచ్చినప్పుడు, "మీ డాబా మీదుగా తిప్పి తీసుకొస్తానమ్మా, ఇద్దరూ రండి" అన్నారు. ఆ మాట ఆయన మర్యాదకి అన్నారో ఏమో గాని నేను పట్టుకుని కూర్చున్నాను. పెళ్ళయినప్పట్నుంచి నేను ఉయ్యూరు, బెజవాడ, బందరు తప్ప వేరే ఊరు చూడలేదు. నాకంటూ ఎవరూ ఏదీ చూపిస్తామనలేదు. ఆయన అన్నారు.

గుమ్మడి వడియాలు పెట్టే రోజులవి. పొద్దున్నే డాబా మీద తెల్లటి పాతపంచె పరిచి, నేనూ మా తోడికోడలూ చెరో వైపు కూర్చుని వడియాలు పెట్టేవాళ్ళం. పెడుతున్నంతసేపూ నేను మాట్లాడుతూనే ఉండేదాన్ని.

"పైనుంచి చూస్తే ఈ గుడ్డ ఎంత కనపడుద్దంటావు?" అనేదాన్ని. "రుమాలంత కనపడుద్దేమో. పంచదార ఫ్యాక్టరీ గొట్టం మీదుగా వెళ్తాం కదా, పొగ మన కింద ఉంటుంది. ఎప్పుడూ తలెత్తి చూసే పొగని వంగి చూడాలి. కృష్ణ రెండు పాయలుగా చీలే చోటు చూడాలి. బందరు కాలవ మీద ఎండ పడితే ఎలా మెరుస్తుందో..."

"ఇంకా?" అనేది తను, పిండి చేత్తో వెంట్రుకలు పైకి తోసుకుంటూ.

నేను ఇంకా చెప్పేదాన్ని. నా ఆశ అంతా ఆ డాబా మీదే ఆరబోశాను. తనకి చెబుతున్నానన్న ధ్యాస కూడా లేదు.

చివరికి ఒక ఆదివారానికి రమ్మన్నారు. ముందురోజే అత్తగారితో కలిసి ఇద్దరం వెళ్ళాం. వట్టి చేతులతో వెళ్ళకూడదని, మా పెరట్లో పాదుకు కాసిన బూడిద గుమ్మడికాయలు రెండు, మంచివి ఏరి, పిన్నిగారికి వడియాలకని పట్టుకెళ్ళాను. ఇంట్లో రుబ్బిన పిండి కూడా వదిలేసి, పంచె ఉతికి మడతపెట్టి బీరువాలో పెట్టి మరీ వెళ్ళాను. వచ్చాక చూసుకోవచ్చనుకున్నాను.

ఆదివారం పొద్దున్న నేను నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. కడుపులో తిప్పుతుందని ఎవరో చెప్పారు. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్నాను. మా తోడికోడలు మామూలు నైలెక్సు చీర కట్టుకుని ఇడ్లీలు తిని వచ్చింది. అత్తగారు ఎక్కనంటే ఎక్కనన్నారు. "నేను పైకెళ్ళే రోజు ఎలాగూ వస్తుందిలే, తొందరేం లేదు" అన్నారు. ఇక మిగిలింది మేమిద్దరం. బాట పొట్టిది కాబట్టి బాబాయిగారు కాక ఒక్కొక్కర్నే తీసుకెళ్తానన్నాడు నడిపే ఆయన. అని ఊరుకోలేదు.

"బరువు ఎంతో తెలియాలండీ" అన్నాడు.

"దానికేం, కాటా ఉందిగా" అన్నారు బాబాయిగారు.

చెరువు గట్టున రొయ్యలు తూచే కాటా అది. కింద ఐసు నీళ్ళు, పైన రొయ్య పొట్టు, ఆ వాసన. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దానిమీద నిలబడ్డాను. కాటా దగ్గర మనిషి, రొయ్యల టబ్బుల బరువు ఎలా అరుస్తాడో నా బరువూ అలాగే నలుగురికీ వినపడేట్టు అరిచాడు. ఆ అంకె నేను ఇక్కడ రాయను. మా తోడికోడలు నిలబడితే కాటా ముల్లు కదిలిందో లేదో అన్నట్టుంది. నడిపే ఆయన ఇద్దర్నీ చూసి, "ముందు ఈ అమ్మాయి రానీయండి. పెద్దమ్మగారు రెండో ట్రిప్పులో రావచ్చు, ఈలోపు పెట్రోలు కొంత తగ్గుద్ది" అన్నాడు. నాకు అప్పటికి నలభై కూడా లేవు.

"నువ్వు ముందెళ్ళక్కా, నేను తర్వాత వెళ్తాలే" అంది మా తోడికోడలు. ఆ మాట అంటూ మొహం అదోలా పెట్టింది. జాలి పడుతోందనుకున్నాను. తను జాలి పడటం నేను భరించలేకపోయాను. "ఎక్కు ఎక్కు, తేలిగ్గా ఉన్నావుగా" అన్నాను. గట్టిగానే అన్నాను.

విమానం ముందు గుమ్మడికాయ కొట్టిద్దామన్నారు పిన్నిగారు. నడిపే ఆయన ఒప్పుకోలేదు. చక్రం కింద ముక్కలు పడితే జారుతుందన్నాడు. పిన్నిగారు మూతి ముడుచుకున్నారు. విమానం కదిలింది, పరిగెత్తింది, చివరి చెరువు ఇంకా కొంత ఉందనగా లేచింది. లేవగానే ఆ చప్పుడు నా గుండెల్లోంచి పోయింది. నేను ఎక్కాల్సిన విమానం. నేను చూడాల్సిన పొగ, నేను చూడాల్సిన పాయలు, మా డాబా. అన్నీ ముందు తనే చూస్తుంది. ఎంగిలి చేసిన పళ్ళెంలో నాకు వడ్డించినట్టు, తర్వాత నేను చూడాలి. ఆ క్షణంలో నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. తెలిసి ఉంటే సర్దుకునేదాన్ని.

పిన్నిగారికి తెలిసింది. అత్తగారి వైపు వంగి మెల్లగానే అన్నారు గాని నాకు వినపడింది. "మీ పెద్దకోడలి చూపు చూశారా వదినా? విమానాన్ని మింగేట్టు చూస్తోంది. ఇప్పుడైనా దిష్టి తీయించకపోతే ఎలాగండీ."

వెంటనే మనిషిని పిలిచి లోపల్నుంచి కాయ తెప్పించారు. వచ్చింది నా కాయే. నేను మా పెరట్లో ఏరి, పొత్తిళ్ళలో పాపలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చిన కాయ. దానికి చిల్లు పెట్టి కుంకం పోసి, పైన కర్పూరం వెలిగించి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ ఆకాశం వైపు తిప్పారు. మధ్యలో ఒకసారి నా వైపు కూడా తిప్పారు. విమానం బయల్దేరిన చోటే, సిమెంటు మీద, దాన్ని ఠప్పున కొట్టించారు. కొట్టినవాడు వెనక్కి చూడకుండా వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

మా వైపు దిష్టి తీసిన కాయను ఎవరూ ముట్టుకోరు. దాటరు. అది ఎవరి కాలికి తగిలితే ఆ దిష్టి వాళ్ళకి అంటుకుంటుందని భయం. బజార్లో కొట్టిన కాయను కూడా మనుషులు చుట్టు తిరిగి తప్పించుకుని పోతారు. అందుకని ముక్కలు అక్కడే ఉన్నాయి. తీసేయమని చెప్పినవాళ్ళు లేరు, చెప్పినా తీసేవాళ్ళు లేరు. అందరం దూరం జరిగి, ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాం.

గేదెకు ఈ పట్టింపులు లేవు. బాబాయిగారి పాకలోంచే వచ్చింది, వాళ్ళ సొంత గేదె. తాపీగా నడిచొచ్చి, కుంకంతో సహా తినడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే అటువైపు నుంచి విమానం చప్పుడు వినపడింది. ఎలా లేచిందో అలాగే ఈ చివర్నుంచే దిగాలి అది. "హెయ్, హెయ్" అని అందరూ అరిచారు. మట్టి బెడ్డలు విసిరారు. కాయ దాటి ముందుకు వెళ్ళినవాడు ఒక్కడూ లేడు. నేను చీర ఎగదోపుకుని కదలబోయాను. పిన్నిగారు నా రెక్క పట్టుకుని లాగారు. "దాటకు! నీ దిష్టి నువ్వే తొక్కుకుంటావా?" అన్నారు.

విమానం కిందికి వచ్చేసింది. గేదెను చూసి నడిపే ఆయన దాని ముక్కు పైకెత్తాడు. గేదె వీపు మీదుగా, ఇంతెత్తున వెళ్ళింది. అప్పటికి గేదె తలెత్తి చూసి మళ్ళీ తినడం మొదలుపెట్టింది. విమానం ఎక్కడ ఆనాలో అక్కడ ఆనలేదు. బాట సగం పైగా గాలిలోనే అయిపోయింది. ఆనాక బ్రేకులు కీచుమన్నాయి, ఆగలేదు. చివర గట్టు ఎక్కి, ముక్కు ముందుకు వాల్చి, రొయ్యల చెరువులోకి దిగిపోయింది. నీళ్ళు తాటిచెట్టంత లేచాయి.

నేను పరిగెత్తాను. అందరికంటే ముందు నేనే వెళ్ళానని తర్వాత ఎవరూ చెప్పలేదు, అందుకని నేనే చెప్తున్నాను. నడుం లోతు నీళ్ళు. చుట్టూ రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. పట్టుచీరతోనే దిగి, కూలీలతో కలిసి మా తోడికోడల్ని బయటికి లాగాను. తన కుడి చెయ్యి వేలాడిపోతోంది. గట్టు మీద కూర్చోబెట్టి మొహం మీద బురద తుడిచాను. తను బతికినందుకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు మధ్యలోనే, ఇక నా ట్రిప్పు లేదన్న మాట కూడా మనసులోకి వచ్చింది. రాకూడదు. వచ్చింది.

బాబాయిగారికి నుదురు చిట్లింది. నడిపే ఆయనకు గీతలు పడ్డాయి. ఆయన తల తుడుచుకుంటూ, "గేదె అండీ, గేదె" అన్నాడు. గుమ్మడికాయ సంగతి నేను ఎత్తాను. "ఆ కాయ కోసమే కదా గేదె వచ్చింది" అన్నాను.

"ఏ కాయ?" అన్నారు పిన్నిగారు. "గేదె రోజూ అటే మేస్తుంది. అందుకు కాదు."

వెళ్ళి చూస్తే సిమెంటు మీద కాస్త ఎర్ర మరక తప్ప ఏమీ లేదు. సాక్ష్యం మొత్తం గేదె తినేసింది. కొట్టినవాడు జీతగాడు, నోరు విప్పడు. అత్తగారు తమ్ముడి భార్యతో పేచీ పెట్టుకోరు. సాయంత్రానికల్లా ఊళ్ళో కథ తయారైంది. పెద్దకోడలు కళ్ళు పెట్టింది, విమానం పడింది.

మా తోడికోడల్ని బెజవాడలో నర్సింగ్ హోములో చేర్చారు. చేతికి కట్టు వేశారు. మంచం పక్కన ఉండి చూసుకునే పని నాకు పడింది. వచ్చే చుట్టాలు, పోయే చుట్టాలు. అందరికీ ఫ్లాస్కులోంచి కాఫీ పోసేది నేను, బత్తాయిలు ఒలిచేది నేను. దిండుకు ఆనుకుని మహారాణిలా కూర్చుని చెప్పేది తను.

"ఎలా ఉంటుందమ్మా పైన?" అని అడిగేవారు.

"ఫ్యాక్టరీ పొగ లేదూ, అది మా కింద ఉంది. మేం వంగి చూశాం" అనేది. "కృష్ణ రెండు పాయలుగా చీలే చోటు ఎంత బాగుందనుకున్నారు! బందరు కాలవ మీద ఎండ పడి మెరుస్తోంది. మా డాబా కూడా కనపడింది. అక్క ఆరేసిన వడియాల గుడ్డ తెల్లగా, రుమాలంత."

నేను బత్తాయి తొనలు తీస్తూ వినేదాన్ని. నేను చూడాలనుకున్నవన్నీ, ఒక్కటీ వదలకుండా, తనకి కనపడ్డాయి. నాకు ఎంత మండిందో చెప్పలేను. తన చేతి కట్టు మీద కూడా మండింది. వచ్చినవాళ్ళంతా ఆ కట్టు మీద చెయ్యి వేసి, విమానాన్ని ముట్టుకున్నంత మురిసిపోయేవారు. నా చెయ్యి విరిగినా బాగుండేది, చూసి ఉండేదాన్ని కదా అనుకున్నాను. పత్రికలో ఫోటో వేశారు. తనదే. వెనకాల ఫ్లాస్కు పట్టుకున్న నా చెయ్యి మాత్రం పడింది.

ఒకరోజు పిన్నిగారితో సహా అందరూ ఉండగా నేను ఆగలేకపోయాను. "అన్నీ కనపడ్డాయిగా నీకు పైనుంచి. దిగేముందు బాట మీద గుమ్మడికాయ ముక్కలు కూడా కనపడి ఉంటాయి. తెల్లటి ముక్కలు, ఎర్ర కుంకం. చెప్పు, గేదె ఏం తింటోంది?" అన్నాను.

అందరూ తన వైపు చూశారు. తను కళ్ళు దించుకుని, "గుమ్మడికాయ నేను చూళ్ళేదక్కా" అంది.

అంతే. డాబా మీది వడియాల గుడ్డ కనపడిన పిల్లకి గుమ్మడికాయ కనపడలేదంటే, ఆ కాయ అక్కడ లేనట్టే. పిన్నిగారు నిట్టూర్చి తన తల నిమిరారు. నేను బత్తాయి తొక్కలు పేపర్లో చుట్టుకుని బయట పడేసి వచ్చాను.

విమానాన్ని రెక్కలు ఊడదీసి లారీ మీద ఎక్కడికో పట్టుకుపోయారు. తర్వాత కొన్నాళ్ళకి రొయ్యలకి జబ్బు వచ్చి చెరువులన్నీ పోయాయి. బాబాయిగారు పాలరాయి ఇంట్లో పడక్కుర్చీలో కూర్చుండిపోయారు. అదీ నా ఖాతాలోనే పడింది. మా మరిది కొత్త స్కూటరు కొంటే, నేను వాకిట్లోకి వచ్చేలోపు దాని మీద దుప్పటి కప్పేవారు. మా తోడికోడలికి కూతురు పుడితే, నేను ఎత్తుకోబోయేముందు పిల్ల బుగ్గన కాటుక చుక్క ఒకటి ఉండగా ఇంకొకటి పెట్టేవారు. పెళ్ళిళ్ళలో పందిట్లో ముందు వరస నాకు వద్దనేవారు కాదు, కాని ఎవరో ఒకరు వచ్చి నా ముందు నిలబడేవారు. మా వారు వింటే, "పోనిద్దూ" అనేవారు. ఆయన చెరుకు తోటలో ఉంటారు, ఆయనకేం. నా ముందు నిలబడే వీపులు ఆయన చూడలేదు.

ఇన్నిటికీ తోడు మా తోడికోడలికి ఆ విమానం కథ జీవితాంతం పనికొచ్చింది. పేరంటాల్లో, రైళ్ళలో, ఎక్కడ కూర్చున్నా మెల్లగా అటే వచ్చేది. ప్రతిసారీ వడియాల గుడ్డ దగ్గరికి వచ్చేసరికి నా వైపు చూసి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఆ గుడ్డ నా కళ్ళకి ఎందుకు కనపడలేదని మండేది.

రెండువేల సంవత్సరం దాటాక గన్నవరం నుంచి హైదరాబాదుకి మామూలు జనం ఎక్కే విమానాలు మొదలయ్యాయి. హైదరాబాదులో ఒక పెళ్ళికి రైల్లో వెళ్ళి, వచ్చేటప్పుడు మా మరిది ముచ్చటపడి మా ఇద్దరికీ విమానం టిక్కెట్లు కొన్నాడు. అదీ పంకాల విమానమే, కొంచెం పెద్దది. కిటికీ పక్క సీటు తనది. "నువ్వు కూర్చో అక్కా, నాకెందుకు" అంది. చూసినవాళ్ళు చూడనివాళ్ళకి ఇస్తున్నారనుకుని, మూతి బిగించి కూర్చున్నాను. లేచేటప్పుడు తను సీటు చేతులు గట్టిగా పట్టుకుంది. తర్వాత నిద్ర నటించింది. నేను పట్టించుకోలేదు. నాకు కిటికీ దొరికింది.

విమానం దిగడానికి వంగినప్పుడు తన చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గాజులు గుచ్చుకున్నాయి. చూస్తే కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది, పెదాలు తెల్లబడ్డాయి.

"అక్కా, ఏం కనపడుతుందో చెప్తా ఉండు. నేల తగిలిందాకా ఆపకు" అంది.

"కళ్ళు తెరిచి నువ్వే చూడు. నీకు కొత్తా?"

"నేనెప్పుడు చూశానక్కా! ఆ రోజూ ఇంతే. లేచిన దగ్గర్నుంచి కళ్ళు మూసుకునే ఉన్నా. నీళ్ళలో పడ్డాకే తెరిచా. నాకు ఎక్కడం అసలు ఇష్టం లేదు, నిన్నే ముందెళ్ళమన్నాగా."

"మరి పొగ? పాయలు? వడియాల గుడ్డ?"

"అవన్నీ నువ్వు చెప్పినవేగా, డాబా మీద. అందరూ వచ్చి అడుగుతుంటే ఏం చెప్పను? భయపడి కళ్ళు మూసుకున్నానంటే నవ్వరూ?"

"మరి గుమ్మడికాయ ఎందుకు చూళ్ళేదన్నావు? ఆ ఒక్క మాటకి నన్ను ఏం చేశారో తెలుసా నీకు?"

"నిజంగానే చూళ్ళేదుగా అక్కా" అంది, కళ్ళు తెరవకుండానే. "అది నువ్వు నాకు ముందు చెప్పలేదు."

అప్పుడు తట్టింది నాకు. ఆ ఆదివారం మా డాబా మీద గుడ్డే లేదు. పంచె ఉతికి మడతపెట్టి బీరువాలో పెట్టింది నేనే. లేని గుడ్డ కనపడిందని తను నర్సింగ్ హోములో పదిమంది ముందు చెబుతుంటే, తప్పు పట్టాల్సింది నేనొక్కదాన్నే, పట్టుకోనిదీ నేనే. తనకి కనపడింది, నాకు కనపడలేదు అన్న మంటలో అన్నేళ్ళూ నా బీరువా నాకు గుర్తు రాలేదు.

"చెప్పక్కా, ఆపేశావేంటి" అంది తను.

చెప్పాను. ఏలూరు కాలవ చెప్పాను, దాని పక్కన రోడ్డు, రోడ్డు మీద ఎర్ర బస్సులు, కోసిన చేలల్లో కుప్పలు, ఒక గుడి గోపురం, స్కూలు ఆవరణలో పిల్లలు తలలెత్తి చేతులూపడం. ఏదీ పొల్లుపోకుండా చెప్పాను. ఇదంతా రేపు ఇంట్లో ఎవరు చెబుతారో నాకు తెలుసు. తెలిసే చెప్పాను, ఎందుకంటే తన గోళ్ళు నా చర్మంలో దిగబడుతున్నాయి, ఆ భయం ఉత్తిది కాదు.

నేల ఇంకా దగ్గరికి వచ్చింది. రన్‌వేకి ఇవతల ఎవరిదో డాబా. దాని మీద తెల్లటి గుడ్డ పరిచి, దాని పక్కన ఒకావిడ గొంతుక్కూర్చుని ఉంది. గుడ్డ నిజంగానే రుమాలంత ఉంది.

"ఇంకా?" అంది మా తోడికోడలు.

"ఇంకేం లేదు. దిగిపోయాం" అన్నాను.